టేపు బదులు నా గొంతు

ఇరవై ఏళ్ళ పైమాటే. ఒక అమ్మాయి గురించి అబద్ధం రాసి కింద సంతకం పెట్టాను. ఆ సంతకం బరువు ఇన్నేళ్ళూ మోస్తూ వచ్చాను అని రాయబోయి ఆగాను. నేను మోసిందేముంది? మోసింది ఆ పిల్ల. నేను వేళకు తిన్నాను, వేళకు పడుకున్నాను, నలుగురిలో పెద్దమనిషిగా చలామణీ అయ్యాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. మధ్యలో ఎక్కడో నన్ను వెనకేసుకురావాలని మీకు అనిపించవచ్చు. దయచేసి ఆ పని చేయకండి. అది నేనే చాలా బాగా చేసుకున్నాను.

వై టూ కే గండం గడిచిన మరుసటి ఏడు మేం సింగపూర్ వచ్చాం. మా ఆయన ప్రోగ్రామరు. టాంపినీస్‌లో ఫ్లాటు. ఆ రోజుల్లో తెలుగువాళ్ళు నలుగురు కలిస్తే జావా తప్ప మరో మాట ఉండేది కాదు. తెనాలిలో ఆరేళ్ళు డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు పాఠాలు చెప్పిన నేను ఇక్కడ మా ఆయన వీసాకు తోకలాగా వచ్చిన మనిషిని. ఉద్యోగం దొరికాక ఒక విందులో ఎవరో ఏం చేస్తున్నారని అడిగితే, టెస్టింగ్ అన్నాను. "ఏ టూల్ మీదండీ?" అన్నాడాయన. పిల్లలకు ఇంగ్లీషు పరీక్షలు పెడతానని చెప్పాను. ఆయన సమోసా అందుకుని పక్కవాళ్ళ వైపు తిరిగాడు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఆ ఉద్యోగం బూన్ లేలో. మా టాంపినీస్ రైలు లైనుకు ఈ వైపున, అది ఆ చివర. చైనా నుంచి హైస్కూలు చదువుకు వచ్చిన పిల్లలకు ఆరేడు నెలలు ఇంగ్లీషు నేర్పి, పరీక్ష పెట్టి, నెగ్గినవాళ్ళ పేర్లు ఇక్కడి బడులకు పంపే చిన్న ప్రైవేటు సంస్థ. పరీక్షలో రెండు భాగాలు. చదివి అర్థం చేసుకోవడం ఒకటి, విని అర్థం చేసుకోవడం ఒకటి. రెండింటిలోనూ గట్టెక్కాలి. నన్ను చేర్చుకున్న రోజు ప్రిన్సిపాలమ్మ అన్న మాట నాకు ఇంకా చెవిలోనే ఉంది. ఆమె ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి, మాట చివర ‘లా’ అని తగిలించడం ఇక్కడివాళ్ళ అలవాటు. "మీ గ్రామర్ వెరీ గుడ్. లిజనింగ్‌కి మాత్రం టేపు ఉంది లా. స్టాండర్డ్ వాయిస్. మీరు బటన్ నొక్కితే చాలు."

బటన్ నొక్కితే చాలట. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఇంటర్‌లో కాన్వెంటు పిల్లలు నా ఇంగ్లీషు విని రుమాలు అడ్డం పెట్టుకుని నవ్వితే పళ్ళ బిగువున భరించి, ఎమ్మేలో బంగారు పతకం తెచ్చుకున్నదాన్ని బటన్ నొక్కడానికి పెట్టుకున్నారు. నేను నవ్వి తలూపాను. లోపల మాత్రం ఆ మాట ములుకులా దిగబడిపోయింది.

ఇక ఆ అమ్మాయి. మెయ్‌లిన్ అనుకుందాం, అసలు పేరు అది కాదు. పదిహేడు నిండబోతున్నాయి. మంచు కురిసే ఈశాన్య చైనా నుంచి తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ తల్లి హాకర్ సెంటర్‌లో, అంటే చిన్న చిన్న తిండి దుకాణాలన్నీ ఒక్క కప్పు కింద ఉండే చోట, బల్లలు తుడిచేది. ఆ ఏడాది బడిలో సీటు దొరక్కపోతే మెయ్‌లిన్‌కు వయసు దాటిపోతుంది, తర్వాత ఏ బడీ తీసుకోదు. ఆ సంగతి అందరికంటే బాగా నాకు తెలుసు, ఆమె దరఖాస్తు నింపించింది నేనే కాబట్టి. చదివే పరీక్షలో ఎప్పుడూ ఆమెదే మొదటి స్థానం. రైల్లో వినిపించే ప్రకటనలను చిన్న నోటుపుస్తకంలో రాసుకుని, తప్పులు దిద్దమని తెచ్చేది. దిద్దడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు.

పరీక్షకు ముందు ఖాళీ గదిలో టేపు ఒకసారి వేసి చూసుకోవాలి. అది నియమం. నేను చూసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే రైలు ఆలస్యమైందని చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టు. రైలు వేళకే వచ్చింది. కింద నస్రీన్‌తో కాఫీ తాగుతూ కూర్చుండిపోయాను. నస్రీన్ హైదరాబాదు అమ్మాయి, మా సంస్థలోనే పిల్లలకు లెక్కలు చెప్పేది.

గదిలో పద్నాలుగు మంది పిల్లలు. బటన్ నొక్కాను. పరిచయ వాక్యం అయ్యీ కాకముందే టేపు రికార్డరు గరగరమంది. మూత తెరిస్తే రీలంతా చక్రాలకు చుట్టుకుపోయి ఉంది. లాగాను. పెన్సిలు పెట్టి తిప్పాను. తెగింది. పన్నెండు నిమిషాలు పోయాయి. అలాంటప్పుడు పరీక్ష ఆపి ప్రిన్సిపాలమ్మకు చెప్పాలి, ఇంకో రోజు ఇంకో టేపుతో పెట్టాలి. ఆమె గది ఇరవై అడుగుల దూరం. నేను వెళ్ళలేదు. ముందే చూసుకోలేదా అని అడుగుతుంది, నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. అదొక కారణం. అదొక్కటే అయితే బాగుండేది. రెండో కారణం చెప్పడానికి సిగ్గుగా ఉంది. టేపు తెగితే నాకు సంతోషమేసింది. టేపులో ఉన్నదంతా అచ్చువేసిన కాగితం నా చేతిలోనే ఉంది. స్టాండర్డ్ వాయిస్ నోరు మూతపడింది, ఇక నా గొంతు వినండి అనుకున్నాను.

చదివాను. కాలేజీ వార్షికోత్సవంలో ప్రసంగం చదివినంత ఠీవిగా చదివాను. ఐదు భాగాలూ గుక్క తిప్పుకోకుండా చదివాను.

పద్నాలుగు మందిలో పదకొండు మంది మునిగారు. మెయ్‌లిన్ కూడా.

ప్రిన్సిపాలమ్మ పిలిచింది. టేపు తెగిందని అప్పుడు చెప్పాను. నన్ను పిలవాల్సింది కదా అంది, కోపంగా కాదు. కాగితాలు తిరగేసి, వినే పరీక్షలో పిల్లలకు టేపే అలవాటు, మీ యాక్సెంట్ కాదేమో, శనివారం టేపుతో మళ్ళీ పెడదామా అని నెమ్మదిగా అడిగింది. చూశారా? తలుపు తెరిచి పట్టుకుంది ఆవిడ. నేను ఊ అంటే చాలు.

నేను విరుచుకుపడ్డాను. ఈ ఊళ్ళో ఇంగ్లీషు ఎన్ని యాసల్లో మాట్లాడతారో మీకు తెలియదా అన్నాను. రేపు బడిలో వీళ్ళకు పాఠం చెప్పేవాళ్ళు టేపులో గొంతుతో చెప్తారా అన్నాను. నా గొంతు అర్థం కాకపోతే అది నా తప్పెలా అవుతుంది, తెల్లవాడి నోట వస్తేనే ఇంగ్లీషా అన్నాను. నా గొంతు వణికింది. అది నటన కాదు, ఆ కోపం నిజం. ఆవిడ ముఖం ఎర్రబడింది. క్షమించమంది. మళ్ళీ పరీక్ష ఊసు అక్కడితో ఆగిపోయింది.

ఆ సాయంత్రం నస్రీన్ నా చేయి పట్టుకుని, "మంచిగ చెప్పినవ్ అక్కా. మన ఇంగ్లీషుకేం తక్కువ? గా టేపొక్కటేనా ఇంగ్లీషు?" అంది. ఆ తర్వాత ఎన్ని విందుల్లో చెప్పానో ఈ కథ. జావా మాటలు ఆపి మరీ విన్నారు. ఆఫీసుల్లో ఎవరో ఒకరు యాసను వెక్కిరిస్తుంటే నవ్వి ఊరుకున్నవాళ్ళే అంతా. చప్పట్లు కొట్టారు. మా ఆయన గర్వంగా నా వైపు చూశాడు. ప్రతిసారీ కథకు కొంచెం మెరుగు పెట్టేదాన్ని.

అందులో నేనన్న ప్రతి మాటా ఈరోజుకీ నిజమే. టేపులో గొంతు నా గొంతు కంటే ఎక్కువేమీ కాదు. అడగండి, ఇప్పుడైనా పోట్లాడతాను. ఒళ్ళు మండేది అందుకే. అంత నిజమైన మాటను తీసుకెళ్ళి నేను దేనికి వాడానో చూడండి.

నలుగురికీ తెలిసిన కథ ఇంతవరకే. మిగిలింది మా ఆయనకు కూడా తెలియదు.

ప్రశ్నపత్రం మీద మొదటి వాక్యం ఇది: ప్రతి భాగాన్నీ మీరు రెండుసార్లు వింటారు. నేను ఒక్కసారే చదివాను. పన్నెండు నిమిషాలు పోయాయి కదా, గంట కొట్టగానే ఆ గదిలోకి వేరే తరగతి వస్తుంది, వస్తే టేపు సంగతి బయటపడుతుంది. అందుకని ఒక్కసారే చదివాను. ఇంకా ఉంది. ఆరు నెలలు ఆ పిల్లలకు పాఠం చెప్పింది నేనే. మొదటిసారి వినండి, పెన్ను ముట్టుకోకండి, రెండోసారి వింటూ జవాబులు గుర్తు పెట్టండి అని వారం వారం నూరిపోసింది నేనే. చెప్పినట్టు వినే పిల్లలు. పెన్నులు బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని, నా ముఖంలోకి చూస్తూ విన్నారు. నేను మొదటి భాగం ముగించి రెండో భాగంలోకి వెళ్ళిపోయాను. గట్టెక్కిన ముగ్గురూ ఎప్పుడూ నా మాట లెక్కచేయనివాళ్ళు, మొదటినుంచీ పెన్ను చేత్తోనే పట్టుకున్నవాళ్ళు.

మెయ్‌లిన్ చేయెత్తింది. రెండు వేళ్ళు చూపించింది. రెండోసారి అని. నాకు కనబడింది. కనబడలేదని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను, కానీ కనబడింది. గడియారం వైపు చూసి చదవడం సాగించాను. ఆ పిల్ల చేయి కాసేపు అలాగే ఉంచి దించేసింది. అప్పుడు పెన్ను తీసుకుని ఏమైనా రాసిందో లేదో చూడలేదు.

పరీక్ష నిర్వహించిన వారి పత్రంలో, ప్రతి భాగాన్నీ రెండుసార్లు వినిపించాను అనే వాక్యం ఎదురుగా టిక్కు పెట్టి సంతకం చేశాను. మెయ్‌లిన్ ఫలితం కాగితం మీద, ఇంగ్లీషు వింటే అర్థం కాదు అని రాసి అక్కడా సంతకం పెట్టాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాళ్ళు నయం. నేను దొంగ దొంగ అని ఎదురు అరిచాను.

ఫలితాలు చెప్పిన రోజు మెయ్‌లిన్ తల్లితో వచ్చింది. ఆమెకు ఇంగ్లీషు ముక్క రాదు. హాకర్ సెంటర్ యూనిఫాం మీదే వచ్చి, కుర్చీ అంచున కూర్చుంది. మెయ్‌లిన్ నిలబడింది. నా ఇంగ్లీషును తల్లికి చైనీస్‌లో చెప్పాల్సింది ఆ పిల్లే.

"మీ అమ్మాయి చదివితే బాగానే అర్థం చేసుకుంటుంది. వినడంలోనే చాలా వెనకబడి ఉంది," అన్నాను. మామూలుగా నేను మాట్లాడే వేగంతోనే అన్నాను.

మెయ్‌లిన్ విని, తల్లి వైపు తిరిగి చెప్పింది. తల్లి ఏదో అడిగింది.

"అసలు ఏది అర్థం కావడం లేదని అమ్మ అడుగుతోంది, టీచర్."

"కొత్త గొంతు అయినా, కాస్త వేగంగా మాట్లాడినా నీకు పట్టుబడటం లేదు. ఇంకో ఏడాది సాధన చేస్తే సరిపోతుంది."

"ఇంకో ఏడాదికి నాకు వయసు దాటిపోతుంది. అది కూడా అమ్మకు చెప్పమంటారా?"

"చెప్పు."

చెప్పింది. తల్లి కాసేపు తన చేతుల వైపు చూసుకుంది. తర్వాత లేచి, నా ముందు తల వంచి ఏదో అంది. మెయ్‌లిన్ వెంటనే చెప్పలేదు. నా ముఖంలోకి చూసింది.

"అమ్మ మీకు థాంక్స్ చెప్తోంది, టీచర్. జాగ్రత్తగా పరీక్ష పెట్టినందుకు."

నేనన్న ఏ మాటా ఆ పిల్ల జారవిడవలేదు. ఏదీ మళ్ళీ చెప్పమని అడగలేదు. తనకు విని అర్థం చేసుకోవడం రాదన్న సంగతి, విని, అర్థం చేసుకుని, తల్లికి పొల్లుపోకుండా చెప్పింది. రెండోసారి చదవలేదన్న మాట ఎందుకు ఎత్తలేదు? టీచరన్న గౌరవమా? భయమా? నా అంతట నేను చెప్తానేమోనని ఆగిందా? ఆగిందనే అనుకుంటాను. ఆ చూపు అదే. నేను ఫైలు మూసి, ఆల్ ద బెస్ట్ అన్నాను. ఇది రాస్తుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

రెండు వారాలకు వాళ్ళు వెళ్ళిపోయారని విన్నాను. ఆఫీసులో వాళ్ళ ఊరి చిరునామా ఉండేది. రాసుకోవచ్చు. రాసుకోలేదు. నా ఉద్యోగం ఖాయమైంది. మూడేళ్ళకు పరీక్షల విభాగమంతా నా చేతికిచ్చారు. ఇంకెప్పుడూ టేపు చూసుకోకుండా పరీక్ష పెట్టలేదు, అది మంచితనం కాదు, భయం. ఒక్కరంటే ఒక్కరు నన్ను అనుమానించలేదు. నాకు కోపం వాళ్ళ మీద కాదు. యాస వల్ల నిజంగా అవమానపడినవాళ్ళు ఎంతమంది ఉన్నారు, వాళ్ళ కోపాన్ని దొంగిలించి నా తప్పు మీద కప్పుకున్నాను. కాన్వెంటు పిల్లల నవ్వుకు కాలేజీలో కుమిలిపోయిన ఆ తెలుగు మీడియం పిల్ల ఆ రోజు గదిలో ఉండి ఉంటే, మెయ్‌లిన్ పక్క బెంచీలో కూర్చుని ఉండేది. ఆమె నన్ను క్షమించేది కాదు. నేనూ అడగను.

రాశాను కదా, గుండెల్లో కాస్త గాలి ఆడుతోంది. ఆ సుఖం కూడా నాకే. మెయ్‌లిన్‌కు ఇంగ్లీషు వింటే అర్థమవుతుంది, చాలా బాగా అర్థమవుతుంది. ఆ ఫలితం కాగితం మీద ఆ రోజు నేను రాయాల్సిన మాట ఇది. ఇరవై ఏళ్ళు పోయాక రాస్తున్నాను. అదీ ఆ పిల్ల ఎన్నటికీ చదవలేని భాషలో.