అందరికీ అయితేనే

ముందు వినిపించింది నూలు చప్పుడే. పోగు మేకుల చుట్టూ తిరిగి, బిగుసుకుని, మళ్లీ తిరిగే సన్నటి చప్పుడు. తర్వాత గుర్వమ్మ గొంతు.

"మంజులా, బస్సుకు టైమైతాంది బిడ్డా."

"అయితె కానియ్యే అవ్వా."

మంజులత నూలు చుట్టే ఆసు చట్రం ముందు నుంచి లేవలేదు. సొంతూరు మోత్కూర్‌లో ఆమెకు వారానికి దొరికేది ఈ ఒక్క ఆదివారమే. మిగతా ఆరు రోజులూ షాద్‌నగర్‌లో, ఒక ఫ్యాక్టరీ కంప్యూటర్ ముందు. అక్కడి కిరాయి గదిలో నిద్రపట్టే ముందు ఆమె వేళ్లు దుప్పటి అంచులో నూలు వెతుక్కుంటాయి.

చీర బొమ్మ గీసి ఇస్తే, రంగులో ముంచే ముందు ఏ పోగుకు ఎక్కడ ముడి కట్టాలో చూపించే సాఫ్ట్‌వేర్ ఆమె చేసింది. ముక్కూమొహం తెలియనివాళ్లు ఉచితంగా వదిలిన ప్రోగ్రాం మీద మూడేళ్లు కూర్చుని కట్టింది. వాళ్ల లైసెన్సే దీనికీ: ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. పుట్టపాకలో, కొయ్యలగూడెంలో ఎన్నో నేతగాళ్ల ఇళ్లకు అది చేతులు మారి చేరింది.

పోయిన వారం ఒక పెద్ద కంపెనీ కాగితం పంపింది. ముడుల జాగా గుర్తించే ఆ పద్ధతి మీద తమకు పేటెంట్ ఉందట. ఒప్పందం చేసుకుంటే ఆమె మీద, ఆమె దగ్గర నేరుగా తీసుకున్నవాళ్ల మీద దావా వేయరు. పైగా ఉద్యోగం ఇస్తారు, ఇంటి నుంచే.

ఇంటి నుంచే. ఆ మాట దగ్గర ఆమె చూపు చాలాసేపు ఆగిపోయింది.

తర్వాత లైసెన్స్ తిరగేసింది. దాని ప్రకారం, దావా వేయమనే ఆ రక్షణ ఒక చేతి నుంచి ఇంకో చేతికి ప్రోగ్రాం అందుకున్న అందరికీ ఉండాలి. కొందరికే అనే ఒప్పందానికి తలొగ్గితే, ఆ ప్రోగ్రాంను ఇక ఎవరికీ పంచే హక్కు ఆమెకు ఉండదు.

గుర్వమ్మకు విడమరిచి చెబితే నవ్వింది. "నమూనా అడిగినామెకు, నువ్వు నెయ్యి గని నీ చెల్లెకు జూపియ్యకు అంటమా? గట్లంటె వాడల మొఖమెట్ల జూపిస్తం?"

"సంతకం పెడితె నేను ఇంటికొస్త గదనే."

ముడి కడుతున్న అవ్వ చెయ్యి ఆగింది. "నువ్వు రావాలని నాకు లేదా, పిచ్చిదానా."

మంజులత లేచి జవాబు రాసింది: అనుమతి అందరికీ ఇస్తేనే సంతకం. పంపాక వాకిట్లో నిలబడింది. ఆరేసిన ఎర్రనూలు గాలికి భుజాన్ని తాకి పోతూ ఉంది, పేరు పెట్టి పిలిచినట్టు.

నాలుగు ఆదివారాలు గడిచాయి. కంపెనీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. అయిదో ఆదివారం మంజులత బస్సు మెట్టు మీద కాలుపెట్టి, తన సంగతులు రాసుకోవడానికి ఊరికి వచ్చిన మనిషి వైపు తిరిగింది.

"రోజూ ఫోన్ జూస్తనే ఉన్న సార్. ఇంటికి రావాలనే ఉన్నది. మీకు ఎరికున్న నేసేటోళ్లు ఎవలన్న ఉంటె ప్రోగ్రాం ఇయ్యుండ్రి. నన్ను అడుగుడు అవసరం లేదు."