గాజుపెట్టెలో నేను పండించిన పంట

ముందే చెప్పేస్తున్నాను, ఉన్నదాన్ని నాలుగింతలు చేసి చెప్పడం నా జబ్బు. ఒకసారి పెరట్లో పిల్లి కనబడితే పులి తిరుగుతోందని చెప్పాను. అడవి పక్కనే బతుకుతున్నాం కాబట్టి సగం వీధి నమ్మి తలుపులేసుకుంది. అందుకని ఈ కథలో అనుమానం వచ్చినచోట మీరే కొంత తగ్గించుకుని చదువుకోండి. సారపాకలో ఒక సముద్రాన్ని నా రెండు చేతులా పాడుచేశానన్న ముక్క మాత్రం తగ్గించడానికి వీల్లేదు.

సారపాకకు సముద్రం ఎక్కడిదంటారా? మా బామ్మర్ది శీను తెచ్చాడు. వాడికి పేపరు మిల్లులో ఉద్యోగం. పెళ్ళి కాలేదు కనక ఉన్న ప్రేమంతా ఒక గాజుపెట్టె మీద పెట్టాడు. అందులో ఉప్పునీళ్ళు, కాసిని రాళ్ళు, తెల్లచారల నారింజ రంగు చేపలు రెండు, వాటి మధ్య ఒక పగడం. ఉంగరంలో పొదిగే రాయి అనుకునేరు. ఇది ప్రాణమున్న పగడం. లైటు వేస్తే చామంతిలా విచ్చుకుంటుంది, ఆర్పితే ముడుచుకుంటుంది. హైదరాబాదు నుంచి దాన్ని బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. వాడు పట్టుకున్న తీరు చూసి, పసిబిడ్డేమో అనుకుని ఒక పెద్దావిడ కిటికీ సీటు ఇచ్చిందట.

మిల్లువాళ్ళు శీనును శిక్షణకని కొన్ని నెలలు వేరే ఊరు పంపారు. సముద్రం మా హాల్లోకి వచ్చింది.

"బావా, వారం వారం కొన్ని నీళ్ళు తీసేసి కొత్తయి పొయ్యాలె. ఆర్ఓ ప్లాంటు క్యాన్లే తేవాలె. బోరు నీళ్ళు వద్దు. ఆ నీళ్ళల్ల ఈ ఉప్పు కలపాలె. నీతోని అయితదా?"

"ఎకరాలకెకరాలు మిర్చి పండించినోణ్ణిరా. ఈ పెట్టె నాకో లెక్కనా?"

"పగడం పైలం బావా. శ్రీరామనవమికి వచ్చి తీస్కపోత."

"ఇంతకన్న మంచిగ చేసి ఇస్త, పో."

ఈ మాట నేను అనకుండా ఉండాల్సింది. మొదటి వారమే క్యాన్ల కోసం బండి తీయబోయాను. పెరట్లో బోరు పెట్టుకుని నీళ్ళు కొనుక్కొచ్చుకునే రైతును చూస్తే ఊళ్ళో కుక్కలు కూడా నవ్వుతాయనిపించింది. మోటరు వేసి, షెడ్డులో ఖాళీగా పడున్న నీలం డ్రమ్ము నింపాను. అడుగున తెల్లగా ఏదో పేరుకుని ఉంది. బోరు నీళ్ళ చవుడే కదా అనుకున్నాను. అందులోంచి బకెట్లతో ముంచి, ఉప్పు కలిపి, పెట్టెలో పోశాను. డ్రమ్ములో మిగిలిన నీళ్ళు మా ఆవిడ సుజాత తన సొరపాదుకు పోసుకుంది.

కొద్దిరోజులకే రాళ్ళ మీద లేతపచ్చ తేలింది. మీరు రైతు కాకపోతే ఆ ఆనందం మీకు అర్థం కాదు. పుట్టినప్పటినుంచి పచ్చదనం కోసమే మొక్కుకున్న వంశం మాది. ఆకు పసుపుపచ్చగా మారితే అన్నం మానేస్తాం, పచ్చగా ఉంటే అల్లుణ్ణి పిలుస్తాం. వెంటనే ఫోటో తీసి శీనుకు పంపి, ఫోన్ కూడా చేశాను.

"చూసినవా, ఎంత మంచిగ మొలిచిందో."

"బావా, అది నాచు."

"ఏదైతేంది? పచ్చగున్నది."

"ఈడ పచ్చగుంటే ఆగమైనట్టు బావా. నీళ్ళు మార్చు జల్ది. క్యాన్ల నీళ్ళే కద పోస్తున్నవ్?"

"అవ్, క్యాన్లే."

అబద్ధం అంత సాఫీగా ఎలా వచ్చిందో నాకే తెలియదు. నీళ్ళు మార్చాను. నాచు ఇంకా పెరిగింది. మళ్ళీ మార్చాను. ఈసారి దానికి జుట్టు వచ్చింది. నేను పోసే ప్రతి బకెట్టుకూ అది పుట్టింటినుంచి సారె అందుకున్న కోడలిలా కళకళలాడింది. చేపలు దాని చాటునుంచి అప్పుడప్పుడు బయటికొచ్చి, ఈ అడవిలోకి మమ్మల్ని ఎవరు తెచ్చారన్నట్టు నన్ను చూసిపోయేవి.

పాపం శీను, నా క్యాన్ల మాట నమ్మి, తప్పు ఇంకెక్కడో వెతికాడు. మేత తగ్గించమన్నాడు, తగ్గించాను. రాళ్ళు బ్రష్షుతో తోమమన్నాడు, తోమాను. ఆ బ్రష్షు నాదేనని మర్నాడు పళ్ళు తోముకుంటుంటే నోటికి తెలిసింది. వెలుతురు రాకుండా కొన్నాళ్ళు పెట్టె కప్పమన్నాడు. తెల్లదుప్పటి కప్పాను. పక్కింటి వెంకన్న వచ్చి, హాల్లో దాన్ని చూసి, చెప్పులు బయటే విడిచి నెమ్మదిగా అడిగాడు.

"ఎవరు పోయిండ్రన్నా?"

"ఎవరూ పోలే. చేపలకు చీకటి పెట్టిన."

వెంకన్న నా నుదుటి మీద చెయ్యివేసి జ్వరం ఉందేమో చూసి వెళ్ళాడు.

దుప్పటి తీస్తే నాచు కాస్త వాడింది. హమ్మయ్య అనుకుని, ఆ సంతోషంలో నీళ్ళు మార్చాను. మళ్ళీ మొదటికి వచ్చింది. ఈలోగా పగడం విచ్చుకోవడం మానేసింది. పిడికిలి బిగించుకుని, నీతో మాట్లాడను అన్నట్టు కూర్చుంది. అటు నవమి పందిళ్ళు లేస్తున్నాయి. శీను ఫోన్ చేసి, "టికెట్టు తీసుకున్న బావా, పగడం ఎట్లున్నది?" అన్నాడు.

"నిద్రపోతున్నది," అన్నాను. ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నవాడికి ఏ మొహం పెట్టుకుని అప్పజెప్పాలి?

నా అవస్థ చూసి వెంకన్న ఒక సీసా తెచ్చాడు.

"గడ్డిమందన్నా. ఒక్క మూతెడు పొయ్యి. రేపటికి వేర్లతో సహా మాడిపోతది."

"చేపలో?"

"చేపలు గడ్డి కాదు కదన్నా."

సిగ్గుపడుతూ చెబుతున్నాను, మూత తీశాను. అప్పుడే సుజాత సొరకాయ ఎత్తుకుని లోపలికి వచ్చింది. ఎత్తుకుని అని ఎందుకన్నానంటే, అది చేత్తో పట్టుకునే కాయ కాదు, ఆటోలో పట్టనంత కాయ.

"ఏందయ్యా ఆ సీసా? తీసి అవతల పెట్టు. ముందుగాల ఈ కాయ సూడు."

"ఏం ఎరువేసినవ్ దీనికి?"

"చిటికెడు ఎరువు వెయ్యలే. నీ డ్రమ్ముల మిగిలిన నీళ్ళే పోస్తున్న. పెంకులెక్కి పక్కింటోళ్ళ మీదికి పోతున్నది పాదు."

సీసా మూత మళ్ళీ బిగించి అవతల పెట్టాను. శీను వదిలిన పరీక్ష సీసాలు అప్పటిదాకా ముట్టుకోలేదు. చుక్కలు వేస్తే నీలం ఎంత ముదిరితే నీళ్ళలో భాస్వరం అంత ఉన్నట్టు. బోరు పైపు నీళ్ళకు వేశాను, రంగు తేలింది తేలనట్టు ఉంది. డ్రమ్ము నీళ్ళకు వేశాను. పోలీసు జీపు లైటంత నీలం వచ్చింది.

నిరుడు మిరపమొక్కల మొదళ్ళకు పోయడానికి భాస్వరం ఎరువు డీఏపీ నానబెట్టింది ఆ డ్రమ్ములోనే. నేను చవుడనుకున్నది ఎరువు మడ్డి. వారం వారం భక్తిగా, చుక్క కూడా తొణక్కుండా, సముద్రానికి డీఏపీ పెట్టాను. నాచు తప్పేముంది? నా మిర్చి కూడా అంత విశ్వాసం చూపలేదు.

ఆ రోజునుంచి క్యాన్లు మోశాను. తెల్ల టబ్బులో ఉప్పు కలిపి, రోజూ కొన్ని కొన్ని నీళ్ళు మార్చాను. రాళ్ళు తోమాను, కొత్త బ్రష్షుతో. జుట్టు రాలింది, పచ్చ పలచబడింది. శీను దిగేరోజు పొద్దున పగడం పిడికిలి సడలించి, అంచులు కొంచెం బయటపెట్టింది. క్షమించడానికి ఇంకా టైముంది అన్నట్టుగా.

శీను పెట్టె ముందు చాలాసేపు కూర్చుని, "కొంచెం చిక్కింది బావా, గని బతికింది," అన్నాడు. నేను పెద్దరికంగా తలూపాను. భోజనాల దగ్గర సొరకాయ కూర వేసుకుని అడిగాడు.

"అక్కా, కాయ గింత లేతగ ఎట్ల వచ్చింది? ఏం ఎరువేసినవ్?"

"నేనేడ వేసిన్రా? మీ బావ నీ చేపలకు వేసిండు. మిగిలింది నా పాదుకు వచ్చింది."

శీను ముద్ద ఆపి నన్ను చూశాడు. తర్వాత పొలమారేలా నవ్వాడు.

కనుక ఇటు మిల్లు పొగగొట్టం, అటు గోదావరి సాక్షిగా, కుడిచేతిలో క్యాను పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. క్యాన్లు తెమ్మంటే క్యాన్లే తెస్తాను. పచ్చగా కనబడినదాన్నల్లా పంట అనుకోను. డ్రమ్ము అడుగున ఏముందో నాలిక తప్ప మిగతా అన్నిటితో పరీక్షిస్తాను.

ఇక ఇందులో అబద్ధం ఏదంటారా? సొరకాయ ఆటోలో పట్టింది, ఒప్పుకుంటున్నాను. నేను పూర్తిగా కల్పించింది శీను నవ్వాడన్న మాట. వాడు నవ్వలేదు. కూర మళ్ళీ వడ్డించుకుని తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, గాజుపెట్టెతో పాటు నా డ్రమ్మును కూడా ట్రాలీ ఎక్కించుకుని పోయాడు. నాతో ఇప్పుడిప్పుడే మాట్లాడుతున్నాడు. సుజాత ఇంకా మొదలుపెట్టలేదు. డ్రమ్ము పోయాక పాదు కాయడం మానేసింది.