ఎలక్షన్లప్పుడు పోయిన ఉత్తరం

"మా గోడకు కట్టిన ఫ్లెక్సీ అది. అందులో మనిషి మూతి కోసెతందుకు చేతులెట్లొచ్చినయే నీకు?"

"మా కోడలి ఉత్తరం మాయం చేసినోళ్లకు ఎట్లొచ్చినయో, గట్లనే వచ్చినయనుకో అక్కా."

"మీ ఉత్తరాలు నాకెందుకు? తొక్కు పెట్టుకుంటనా?"

"ఏమో. పారేసే మనిషివైతే కాదు. ఏదో ఒకటి చేసుకునే ఉంటవు."

నన్ను అక్కా అన్నామె నా యారాలు, అంటే మా మరిది భార్య. ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. తాండూరులో మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. ఆ మున్సిపల్ ఎలక్షన్లలో మా వార్డు నుంచి ఆమె తమ్ముడు నిలబడ్డాడు. నేను అతని మీద పోటీకి నిలబడ్డ మనిషికి ఓటేస్తానని మాటిచ్చాను. అతనికి నాపరాళ్లు పాలిష్ చేసే యూనిట్ ఉంది. మా వీధిలో మురికినీళ్లకు మోరీ తీయించి బండలు కప్పించింది అతనే. పని చేసినవాణ్ని వదిలి చుట్టమని ఓటేస్తామా? ఆ ముక్క యారాలి ముఖం మీదే అన్నాను. ఆనాటి నుంచి ఆమె కూరగిన్నె గోడ దాటి రాలేదు.

ఇక ఉత్తరం సంగతి. ఆమె కోడలు నర్సు చదువు చదివి వికారాబాద్‌లో ఉద్యోగానికి కాగితం పెట్టుకుంది. తోటివాళ్లందరికీ పిలుపు వచ్చింది, ఈ పిల్లకు రాలేదు. పోస్టుమన్‌ను అడిగితే వారం కిందటే ఇచ్చానన్నాడు. యారాలింటి కుక్కకు భయపడి అతను రెండిళ్ల ఉత్తరాలూ మా అరుగు మీదే పెట్టి పోతాడు. ఓట్ల కోపంతో నేనే దాచానని యారాలు వీధిలో నలుగురి ముందూ అంది. ఆ మర్నాడు చూస్తే ఫ్లెక్సీలో మా అభ్యర్థికి ముక్కు కింద నుంచి గడ్డం దాకా లేదు. దాంతో నేనూ ఊరుకోలేదు.

కోడలు మా మధ్యకు వచ్చి నిలబడింది. గొంతు పెంచే పిల్ల కాదు.

"పెద్దత్తమ్మా, పోవాల్సింది రేపే. ఉత్తరం చూపియ్యకుంటే లోపలికి రానియ్యరంట. జర యాది చేసుకోండ్రి. కవరు మీద అంతా ఇంగ్లీషే ఉంటది. పేరు కనవడెతందుకు చిన్న కిటికీ లెక్క ప్లాస్టిక్ ఉంటది."

కిటికీ అనగానే నాకు ఆ కవరు కళ్లకు కట్టింది.

నేను చదివింది మూడో తరగతి. తెలుగు కూడబలుక్కుని చదువుతాను. ఇంగ్లీషు రాదు, రాదని ఎవరి ముందూ ఒప్పుకోను. ఆ నెలంతా రెండు పార్టీలవాళ్లూ కరపత్రాలు కట్టలకు కట్టలు అరుగు మీద పడేసి పోయేవారు. మంచి కాగితం పారేయడం నా వల్ల కాదు. నీళ్లపొయ్యి అంటించడానికి పనికొస్తాయని అన్నీ గోనెసంచిలో కుక్కేదాన్ని. ఆ కవరు కూడా ఓట్ల కాగితమే అనుకున్నాను.

సంచి తెచ్చి వాకిట్లో బోర్లించాను. ముగ్గురం కూర్చుని వెతికాం. యారాలి తమ్ముడి నవ్వులు ఒకపక్క, మా అభ్యర్థి దండాలు ఒకపక్క కుప్పలయ్యాయి. రోజూ పైనుంచి తీసి అంటించేదాన్ని కాబట్టి అడుగున ఉన్న కవరు మిగిలింది. ఒక మూల నలిగింది, అంతే.

"దాచలేదు చెల్లె," అన్నాను. "చదవరాక సంచిల ఏసిన." ఆ మాట నా నోటి నుంచి రావడం కష్టమే అయింది.

యారాలు కవరు మడత సరిచేసి కోడలి చేతికిచ్చింది.

"ఫ్లెక్సీ నేనే కోసిన అక్కా. మస్తు కోపమొచ్చింది."

"ఎరికే. మీ తమ్ముని మనుషులైతే మొత్తం చింపేటోళ్లు. జాకెట్టు మెడ తీసినట్టు అంత సాఫ్‌గ కోసేది నువ్వే గదా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను.

"ఓటు మాత్రం మీ తమ్మునికెయ్య," అన్నాను.

"నువ్వెయ్యకున్నా గెలుస్తడు తీ."

మర్నాడు పొద్దున తమ్ముడి ప్రచారానికి పోవలసిన యారాలు పోలేదు. ముగ్గురం మొదటి బస్సుకు వికారాబాద్ వెళ్లాం. పది గంటలకు కోడలు లోపలికి పోయింది. మేమిద్దరం బయట మెట్ల మీద కూర్చుని జొన్నరొట్టె, పప్పు తిన్నాం. మధ్యాహ్నం కాకముందే కోడలు వచ్చి, సర్టిఫికెట్లు చూశారని, ఉద్యోగం సంగతి తర్వాత చెప్తారని, ఉత్తరం వాళ్లే ఉంచుకున్నారని చెప్పింది.