మూడో విగ్రహానికి నేను పెట్టిన మొహం

ఒక రాతి విగ్రహాన్ని, ఒక మేడంగారి పీహెచ్‌డీని, ఒక పెద్దమనిషి పరువుని ఒకే మౌసుతో ముంచేసిన మనిషిని చూడాలని ఉంటే కొత్తపేట రండి. బస్టాండు దగ్గర ఎవర్నడిగినా ఫొటో స్టూడియో సూరిబాబు ఎక్కడో చెబుతారు. కంప్యూటర్ ముందు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, అప్పుడే వరదలోంచి లాగిన గడ్డిమోపులా ఒకాయన కూర్చుని ఉంటాడు. ఆ మోపు నేనే. ఈ అలసట పని వల్ల వచ్చింది కాదు, తెలివి వల్ల వచ్చింది. కాబట్టి ఇది తగ్గదు.

ముందు నా చదువు సంగతి చెప్పేస్తాను, పెద్ద సమయం పట్టదు. ఎనిమిదో తరగతిలో నేనూ చదువూ ఒకరికొకరం దణ్ణం పెట్టుకుని విడిపోయాం. గొడవలేమీ లేవు. తర్వాత కెమెరా పట్టుకున్నాను, ఆ తర్వాత మౌసు పట్టుకున్నాను. మా వృత్తిలో ఉన్నది ఉన్నట్టు చూపించామంటే పని ఎగ్గొట్టినట్టే లెక్క. పెళ్ళికూతురి మొటిమలు తుడుస్తాం. తాళి కట్టే క్షణంలో కళ్ళు మూసుకున్న మేనమామకి వేరే ఫొటోలోంచి కళ్ళు తెచ్చి పెడతాం. కువైట్‌లో సెలవు దొరకని బావగారిని వెనక వరసలో నిలబెట్టి, చొక్కా మీద నాలుగు అక్షింతలు కూడా చల్లుతాం. చెమటలు కారుతూ తీయించుకున్న ఫొటో వెనక మంచుకొండలు పెడతాం. అడిగి చేసే పనులు కావివి. అన్నం వడ్డించాక పప్పు వెయ్యమంటారా అని ఎవరైనా అడుగుతారా?

అలాంటి నా దగ్గరికి అమలాపురం కాలేజీలో పాఠాలు చెప్పే పద్మజ మేడం వచ్చారు. నీరసంలో ఆవిడ నాకు అక్కవరస. భుజాన సంచి, సంచి నిండా కాగితాలు, మొహం నిండా నిద్రలేమి.

"సూరిబాబు గారూ, ఒక పత్రికకి వ్యాసం పంపాలండీ. టైపు చెయ్యాలి, ఫొటోలు తియ్యాలి."

"ఆయ్, ఏ పత్రికండీ? సినిమా పత్రికా?"

"శిల్పాలూ చిత్రాలూ, వాటి చరిత్ర గురించి పరిశోధనలు వేసే పత్రికండీ. ఇందులో ఒక్క వ్యాసమైనా అచ్చవకపోతే నా పీహెచ్‌డీ పుస్తకం యూనివర్సిటీ వాళ్ళు తీసుకోరు. గడువు ఒకసారి పొడిగించేరు, ఇంక పొడిగించరంట. ఇది పోతే ఇన్నేళ్ళ చదువూ కాలవలో కలిసినట్టే."

"మీరు నా దగ్గరికి వచ్చేసేరు కదండీ, ఇంక కంగారెందుకు?" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోబుద్ధేస్తుంది.

ముక్తేశ్వరం వైపు ఒక ఊళ్ళో చిన్న పాత గుడి ఉంది. ఊరి పేరు చెప్పను, ఆ ఊరి పెళ్ళిళ్ళకి నేను ఇంకా వెళ్ళాలి. ఆ గుడి మండపం గోడకి వరసగా రాతి విగ్రహాలున్నాయి. మేడంగారి పరిశోధనంతా వాటిమీదే. ఇద్దరం వెళ్ళి ఫొటోలు తీశాం. మూడో విగ్రహం దగ్గర ఆవిడ చాలాసేపు ఆగిపోయారు.

"దీన్ని జాగ్రత్తగా తియ్యండి సూరిబాబు గారూ. అన్నిట్లోకీ ముఖ్యం ఇదే."

చూశాను. కిరీటం ఉంది, చెవులకి కుండలాలున్నాయి, మెళ్ళో హారాలున్నాయి. మొహం మాత్రం లేదు. తొక్క తీసిన కొబ్బరికాయలా నున్నగా ఉంది. అయ్యో పాపం అనుకున్నాను. మీరు గమనించాలి, నా పతనం జాలితో మొదలైంది.

తర్వాత టైపు. పరిశోధన వ్యాసం అంటే ఏమిటో తెలియనివాళ్ళు అదృష్టవంతులు. పైన ఒక మాట అంటే, ఆ మాట నేను ఊరికే అనలేదని కింద చిన్నక్షరాల్లో సాక్షిని ప్రవేశపెట్టాలి. ఆ సాక్షి పుస్తకం పేరు వాలుగా ఉండాలి, ఊరి పేరు నిటారుగా ఉండాలి, చుక్క ఉన్నచోట కామా ఉండకూడదు. ఒక్కో పేజీలో పైనున్న మనుషుల కంటే కిందున్న సాక్షులే ఎక్కువ. అన్నిటికంటే విడ్డూరం ఇంకోటుంది.

"మీ పేరు ఏ సైజులో పెట్టమంటారండీ?" అని అడిగాను.

"పేరు పెట్టకూడదండీ. ఎవరు రాసేరో తెలియకుండానే పెద్దవాళ్ళు చదివి, బాగుందో లేదో చెబుతారు."

"పేరు లేకుండానా? మా వీధిలో చలివేంద్రం కుండ మీద కూడా ఇచ్చినాయన పేరూ, ఆయన బామ్మర్ది పేరూ ఉంటాయి కదండీ!"

"సూరిబాబు గారూ, దయచేసి టైపు చెయ్యండి."

చేశాను. ఇంగ్లీషులో ఉన్నదాన్ని అక్షరం తర్వాత అక్షరం, కొబ్బరిపీచు పేనినట్టు పేనుకుంటూ పోయాను. నేను టైపు చేస్తాను గానీ చదవను. ఆ రెండూ వేర్వేరు ఉద్యోగాలు. అందుకే ఆ వ్యాసంలో పేజీల తరబడి ఏముందో నాకు తెలియలేదు. ఏముందంటే, ఆ మూడో విగ్రహానికి మొహం ఎందుకు లేదు అన్నదే ఉంది. పాతకాలపు శిల్పి దాన్ని కావాలనే చెక్కకుండా వదిలేశాడని, ఉలి ఎక్కడ ఆగిందో కూడా కనబడుతోందని, మేడంగారు సాక్షుల మీద సాక్షుల్ని పెట్టి వాదించారు.

ఇక్కడ నేనేమో అదే విగ్రహాన్ని తెర మీద పెద్దది చేసి చూస్తున్నాను. ఇంత ముఖ్యమైన ఫొటో, చదువుకున్నవాళ్ళు చూసేది, మొహం లేకుండా పంపితే స్టూడియో పరువేం కావాలి? పక్కనున్న రెండో విగ్రహం మొహాన్ని లాగి, కొంచెం అటు తిప్పి, అతికించి, అంచులు కలిపి, పెదాల చివర చిన్న చిరునవ్వు కూడా పెట్టాను. నా చేత్తో అంత మంచి పని ఎప్పుడూ చెయ్యలేదు. పాతదాని మీదే సేవ్ చేశాను. కెమెరాలో కార్డు అప్పటికే ఇంకో పెళ్ళి కోసం తుడిచేసి ఉంది.

పంపాల్సిన ఆఖరి రోజు మేడంగారికి కాలేజీలో పరీక్షల డ్యూటీ పడింది. ఫోన్ చేశారు.

"అన్నీ సరిగ్గా ఉన్నాయా సూరిబాబు గారూ?"

"ఉండవలసినదానికంటే బాగున్నాయండీ."

"అయితే పంపేయండి."

పంపేశాను. అక్కడితో ఆగే మనిషినైతే ఈ కథ ఇంత పొడుగుండేది కాదు. ఆ వారమే ఆ గుడి కమిటీ ప్రెసిడెంటు సత్యం గారు కల్యాణోత్సవాలకి ఫ్లెక్సీ కావాలని వచ్చారు. చేతిలో ఫొటో సిద్ధంగా ఉంది కదా! స్వాగతం అనే అక్షరాల కింద ఆ మూడో విగ్రహాన్ని చిరునవ్వుతో నిలబెట్టాను. సత్యం గారు చూసి చేతులు జోడించారు.

"ఈయన మా గుడిలో ఆయనేనా? ఇంత కళగా ఉంటాడా?"

"ఉంటాడండి. మనం పెట్టాలి గానీ."

కొన్ని నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం పద్మజ మేడం స్టూడియోకి వచ్చి స్టూలు మీద కూలబడ్డారు. కొత్తపేట బస్టాండు నుంచి నడిచి వచ్చిన మనిషిలా లేరు, కాశీ నుంచి నడిచి వచ్చినట్టున్నారు.

"పత్రికవాళ్ళు జవాబు రాసేరండి."

"మెచ్చుకున్నారాండీ?"

"వినండి. ఈ విగ్రహానికి మొహం లేదని రచయిత చాలా లోతుగా నిరూపించారు. కానీ మూడో చిత్రంలో ఆ విగ్రహం మమ్మల్ని చూసి నవ్వుతోంది. దయచేసి వివరించగలరు. ఇదీ వాళ్ళు రాసింది."

నేను తెర మీద ఆ ఫొటో తెరిచాను. "నవ్వు కొంచెం ఎక్కువైందంటారా?"

"మొహమే ఎక్కువైందండి!" ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది. "ఫొటోని మార్చి మోసం చేసేమనుకుంటున్నారు. ముట్టుకోని ఫొటో వెంటనే పంపకపోతే వ్యాసం చెత్తబుట్టలోకి పోతుంది. అసలు ఫొటో ఏదండీ?"

అసలు ఫొటో లేదని చెప్పడానికి నేను రెండుసార్లు మంచినీళ్ళు తాగాను. చివరికి, "విగ్రహం ఎక్కడికి పోతుందండీ మేడం? బండి తీస్తాను, వెళ్ళి మళ్ళీ తీసుకుందాం" అన్నాను.

వెళ్ళాం. మండపంలో అడుగుపెట్టాం. మూడో విగ్రహం దగ్గర మేడంగారు నిలబడ్డారు. విగ్రహానికి మొహం ఉంది. సిమెంటు మొహం. గులాబీరంగు పెయింటు వేసి, కళ్ళు దిద్ది, చిరునవ్వు అచ్చం నేను పెట్టినట్టే పెట్టారు. మేస్త్రీ తన వంతుగా మీసం కూడా తగిలించాడు.

సత్యం గారు కండువా సర్దుకుంటూ ఎదురొచ్చారు. "చూసేరా? ఫ్లెక్సీ చూసేక ఊరంతా ఒకటే మాటండి, ఆయన్ని అలా బోడిగా ఉంచకూడదని. మేస్త్రీకి మీ ఫ్లెక్సీ చూపించి చేయించేం."

"దాన్ని తీయించలేమాండీ?" అంది మేడంగారి గొంతు. ఆవిడ నోరు కదిలినట్టు నాకు కనబడలేదు.

"తీస్తే రాయి కూడా ఊడొస్తుందన్నాడమ్మా మేస్త్రీ. గట్టి పనే చేసేడు."

"మీసం కూడానా" అన్నారు మేడం. ఎవర్నీ అడగలేదు. గాలిలోకి అన్నారు. నేను చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని పారిపోదామనుకున్నాను గానీ కెమెరా తీసేటప్పుడు బండి తాళం ఆవిడ చేతికే ఇచ్చాను.

అప్పుడు నా బుర్రకి ఒక విషయం తట్టింది. మూడేళ్ళ కిందట సత్యం గారి మనవడి పుట్టువెంట్రుకలు ఆ మండపంలోనే తీయించారు. ఫొటోలు నావే. ఆల్బంలో వెనక మంచుకొండలు పెట్టాను గానీ, ముట్టుకోని ఫొటోలన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాను. ఆ ఇంట్లో దాన్ని ఎవరూ తెరిచి ఉండరు. ఎవరింట్లోనూ తెరవరు.

పెన్‌డ్రైవ్ దేవుడి గూట్లో హారతి పళ్ళెం పక్కన దొరికింది. వాళ్ళింట్లోనే కంప్యూటర్లో పెట్టి చూశాం. ప్రతి ఫొటోలోనూ మూడో విగ్రహం ముందు ఎవరో ఒక అత్తయ్య తలకాయ. మేడంగారి ఊపిరి ఒక్కో ఫొటోకి కొంచెం కొంచెం తగ్గిపోతోంది. చివరికి ఒకటి వచ్చింది. మంగలి కత్తి తీయగానే పిల్లాడు గుక్కపెట్టినట్టున్నాడు, అందరూ కిందికి వంగిపోయారు. వెనక మూడో విగ్రహం నున్నటి మొహంతో, ఉలి ఆగిన గీతతో సహా స్పష్టంగా ఉంది. పక్కనే ఒకాయన మాత్రం వంగకుండా నిటారుగా నిలబడి ఉన్నాడు. చొక్కా లేదు, ఒళ్ళంతా గంధం, చేతులు జోడించి, కళ్ళు గట్టిగా మూసుకుని, కొండచిలువలా నోరు తెరిచి ఆవలిస్తున్నాడు.

"ఈయనెవరయ్యా?" అన్నారు సత్యం గారు.

"మీరేనండి."

"నేనా? ఆల్బంలో నేను ఇలా లేను కదా!"

"ఆల్బంలో నోరు నేను మూయించేనండి. కళ్ళు మీ తమ్ముడిగారివి."

సత్యం గారు నావైపు చూసిన చూపుకి ఏ టచప్పూ సరిపోదు. మేడంగారు రెండు చేతులూ జోడించారు. "బాబాయిగారూ, ఈ ఫొటో మీరు ఇస్తేనే నా చదువు నిలబడుతుంది. కత్తిరించకుండా, ఏమీ మార్చకుండా పంపాలి. మీరు కాదంటే నాకు ఇంకో దారి లేదండి."

"అచ్చులో వేస్తారా అమ్మా? నా నోరా? లోకమంతా చూస్తుంది కదా!"

మేడంగారు అబద్ధం చెప్పొచ్చు. అందుకు కూడా ఓపిక లేదనుకుంటాను. "లేదండి బాబాయిగారూ. ఇలాంటి పత్రిక దేశం మొత్తం మీద ఏ పదిమందో చదువుతారు. వాళ్ళు కూడా కింది చిన్నక్షరాలే చూస్తారు."

"పదిమందా!" సత్యం గారి మొహంలో భయం పోయి జాలి వచ్చింది. "దీనికోసమా తల్లీ ఇంత చిక్కిపోయేవు? మా వీధిలో గేదె ఈనితే అంతకంటే ఎక్కువమంది వస్తారు. పంపించేసుకో."

పంపించాం. ఈసారి మౌసు మేడంగారే పట్టుకున్నారు. నన్ను గుమ్మం బయట నిలబెట్టారు. కాలేజీ సెలవుల్లో జవాబు వచ్చింది. ఆవిడ ఫోన్ చేసి, "తీసుకున్నారండి" అన్నారు. ఆ తర్వాత చాలాసేపు నవ్వో ఏడుపో తెలియని చప్పుడు వినబడింది. నాకు భయమేసింది.

"ఏమైందండీ మేడం?"

"చిన్న సవరణ అడిగేరండి. మూడో విగ్రహం గురించి వాదన అద్భుతంగా ఉందట. అయితే అదే చిత్రంలో ఎడమవైపు నోరు తెరిచి నిలబడిన పెద్ద విగ్రహం గురించి రచయిత ఒక్క ముక్క కూడా రాయలేదట. అది ఏ కాలానిదో, ఏ రాయో తెలపమన్నారు."

ఆ సంగతి సత్యం గారికి ఎవరూ చెప్పలేదు. మీరూ చెప్పకండి.

కాబట్టి పెద్దలందరి సమక్షంలో, కెమెరా మీద కుడిచెయ్యి, గుండెల మీద ఎడమచెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. రాతిదైనా మనిషిదైనా, ఏ మొహాన్నీ ఇక ముట్టుకోను. మొటిమకి మొటిమ, ఆవలింతకి ఆవలింత, ఉన్నది ఉన్నట్టు ఇస్తాను. ఈ ప్రమాణం చేసిన మొదటి వారంలోనే ఇద్దరు పెళ్ళికూతుళ్ళు ఏడ్చారు, ఒక పెళ్ళికొడుకు తండ్రి ఇంకో స్టూడియోకి వెళ్ళిపోయాడు. అందువల్ల ప్రమాణాన్ని కొంచెం టచప్ చేశాను. ఇకపై అది రాళ్ళకి మాత్రమే వర్తిస్తుంది.