వంతెన ముడుపు

గేటు సుంకం వసూలు చేసే బోర్డువారికీ, ఆ గేటును వేలంలో పాడుకున్న గుత్తేదారువారికీ చేతులు జోడించి, తల నేలకానించి క్షమాపణ చెప్పుకుంటున్నాను. మా మేనత్త పోయిన వారం చనిపోయింది. ప్రతి సంతనాడూ పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి ఆమె కట్టే సుంకం ఇక వారికి రాదు. మా ఇంటివల్ల ఇంతటి నష్టం కలిగినందుకు సిగ్గుపడుతున్నాను. చదువరులు కూడా మన్నించాలి. చావు కబురులోనూ ఎకసెక్కాలాడే బుద్ధి నాకు ఆమె దగ్గర అబ్బిందే.

మేము మగ్గాలవాళ్ళం. మామ పోయినాక, వీధిలో నేసిన చీరెలన్నీ ఒంటెద్దు బండిలో వేసుకొని అత్తే ఎర్రగుంట్ల సంతకు తోలుకుపోయేది. ఊరు దాటగానే గేటు. గేటు దాటి మలుపు తిరిగితే, వానొస్తే పొంగే వంక. ఆ వంకకు వంతెన కడతామని చెప్పే, నేను పుట్టకముందు ఈ గేటు పెట్టినారంట. నాకు మీసాలు వచ్చినాయి. వంతెన రాలేదు.

దుడ్లు ఏమైనాయో అందరికీ కనపడుతూనే ఉండింది. దొరలు దిగే బంగళాకు కొత్త పెంకులు వచ్చినాయి. బోర్డు ప్రెసిడెంటుగారి గుర్రబ్బండికి మెత్తలు వచ్చినాయి. పెద్దదొర వచ్చినప్పుడు బాట పొడుగునా తోరణాలు కట్టినారు. ఆయన వచ్చింది ఎండాకాలం. వంకలో చుక్క నీళ్ళు లేవు కాబట్టి, వంతెన లేని సంగతి ఆయనకు తెలియనే లేదు.

ఒకసారి ప్రెసిడెంటుగారు బంగళాలో మకాం వేసినప్పుడు అత్త నన్ను వెంటబెట్టుకొని పోయింది, మద్రాసులో చదివినోణ్ణి గదా, ఇంగ్లీషు అవసరమైతే మాట్లాడతానని. అవసరం రాలేదు. ఆయన మంచి తెలుగులోనే మమ్మల్ని పొమ్మన్నాడు. అంతకుముందు ఓపికగా వివరించినాడు కూడా. గేటు దుడ్లు, ఇంటిపన్ను, సంతపన్ను అన్నీ ఒకే పెట్టెలో పడతాయంట. ఏ దుడ్డు దేనిదో గుర్తుపట్టడం ఎవరివల్లా కాదంట.

"తిరుపతికని కట్టిన ముడుపు అహోబిలంలో వెయ్యం గదా సామీ," అనింది అత్త. "గుర్తు లేకపోయేదే తంటా అయితే, గుర్తు నేను పెడతా లే."

ఆ మరుసటి సంతనుంచి ఆమె సుంకాన్ని ముడుపు కట్టింది. మగ్గం కాడ మిగిలిన పీలికను పసుపులో ముంచి, దుడ్డు ముడేసి, కళ్ళకద్దుకొని, గేటు కాపలా సాయిబు చేతిలో పెట్టేది. "సాయిబన్నా, ఇది వంతెనది. ఇంకోదానికి వాడితే దోషం నీది కాదు, విప్పినోడిది."

సాయిబు పీర్లకు మొక్కుకునే మనిషి. ముడుపు విప్పడానికి చేతులాడక అట్లే గుత్తేదారుకు ఇచ్చేవాడు. గుత్తేదారు ముడిని పళ్ళతో లాగి, దుడ్డు పెట్టెలో వేసుకొని, పీలికను గాలికి వదిలేవాడు. అవన్నీ పోయి పక్కనున్న తుమ్మచెట్టుకు చిక్కుకునేవి. కొత్తగా వచ్చే బండ్లవాళ్ళు ఏ అమ్మవారి చెట్టో అనుకొని దండం పెట్టేవారు. అత్త నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకునేది. "మొక్కనీలే అల్లుడా, బోర్డుకంటే అదే నయం. నీడైనా ఇస్తాది."

ఆమె ఎద్దు మాత్రం గేటు కనబడగానే ఎవరూ చెప్పకుండా నిలబడేది. మా ఇంట్లో బోర్డుకు అంత విధేయుడు ఇంకొకడు లేడు.

పోయిన వారం ఆమెకు కడుపులో నొప్పి లేచింది. మందులకు తగ్గలేదు. ఆసుపత్రి వంకకు ఆవల ఉండాది. వానలో బండి కట్టి నేనే తోలుకుపోయినాను. గేటు కాడ గుత్తేదారే కూర్చోనుండె. అత్త పడుకొనే బొడ్లోనుంచి ముడుపు తీసి ఇచ్చింది. ఆయన విప్పుకున్నాడు. బాటకు అడ్డమున్న గేటు కర్ర లేచింది. మలుపు తిరిగితే వంక గట్లు ఒరుసుకొని పారుతోంది.

"వంక ఎట్లుండాది అల్లుడా?" అనింది.

"తగ్గుతాండాది అత్తా."

"అబద్ధం చెప్పేది కూడా సరిగ్గా నేర్పలేదేమప్పా మద్రాసులో."

ఆమె నాతో అన్న ఆఖరి మాట అది. నీళ్ళు తగ్గేలోపల ఆమె పోయింది.

బండి వెనక్కి తిప్పుకొని వస్తే, రాకడకు వేరే సుంకమని గుత్తేదారు అన్నాడు. ఏ వంతెనకని సుంకం తీసుకున్నాడో, ఆ వంతెన లేకనే పోయిన మనిషిని మోసుకొస్తున్న బండి అది. నా నోట ఒక్క ఎకసెక్కం రాలేదు, జేబులో దుడ్డూ లేదు. సాయిబు తన రుమాలు విప్పి ఆ సుంకం కట్టినాడు. తానే కర్ర ఎత్తినాడు.

మరునాటినుంచి గేటు కర్ర కనపడటం లేదని బోర్డువారు విచారణ చేస్తున్నారు. రాజకీయాలవాళ్ళు గుంపుగా వచ్చి విరిచినారని గుత్తేదారు రాసిచ్చినాడంట. సాయిబు వాళ్ళతో కలిసినాడని, ఆయన్ను పనిలోనుంచి తీసేస్తామని అంటున్నారు. కర్ర పోయిన వేకువన సాయిబు మసీదులో ఉండినాడు. ఆయనకేమీ తెలియదు.

నిన్న సంతకు చీరెలు వేసుకొని నేను పోయినాను. అడ్డం ఏమీ లేని ఆ రెండు కంబాల నడుమ ఎద్దు ఎప్పటిమాదిరే నిలబడింది. అదిలించినా కదల్లేదు. వెనక్కి తల తిప్పి బండిలోకి చూస్తోంది, ముడుపు ఇంకా ఇయ్యలేదే అన్నట్టు. తుమ్మచెట్టు మీద పీలికలు ఆడుతుండినాయి.

గుంపూ లేదు, రాజకీయమూ లేదు. పాడెకు పొడుగు కర్ర ఒకటి తక్కువైంది. అన్నేండ్లూ మా అత్త ఇచ్చిన దుడ్లకు మా ఊరి బాటమీద కనపడే వస్తువు అదొక్కటే. దాన్ని ఊడబెరికి, పసుపు రాసి, ఆమె కుడిపక్కన కట్టింది నేను.