చెప్పు జారినా తెలియని కాలు

నాకు పేగు కాన్సర్ తగ్గి మూడేళ్లయింది. ఆపరేషన్ చేశారు, ఆర్నెల్లు కీమో ఎక్కించారు. ఆ తర్వాత స్కానింగులన్నీ బాగానే వచ్చాయి. కానీ ఆ మందు నా వేళ్ల కొనల్నీ అరికాళ్లనీ మొద్దుబార్చేసి పోయింది. నడుస్తుంటే కాళ్లకింద గోనెసంచి పరిచినట్టుంటుంది. పైగా మంట. ఈ సంగతి చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది.

"సుగర్ సూపిచ్చుకుంటివామ్మా?" అంటారు ఊళ్లో.

"సుగర్ లేదప్పా. కీమోతో నరాలు దెబ్బతిన్యాయి."

"కాన్సరే పాయ గదా, ఇంకేం బాధ నీకు?"



పుంగనూరు దగ్గర పల్లె మాది. రెండావులున్నాయి. పెళ్లికి ముందు నుంచీ పాలు పిండిన చేతులివి. ఒకరోజు పొద్దున పిండుతుంటే నల్లావు ఎగిరి తన్నింది. బకెట్టు బోర్లాపడి పాలన్నీ పేడలో కలిశాయి. దాని తప్పేం లేదు. నేనెంత గట్టిగా పట్టుకున్నానో నాకే తెలియలేదు.

"ఇన్నేండ్లు పిండినదానివి, ఇప్పుడేమొచ్చె నీకు?" అన్నాడు మా ఆయన.

"నువ్వే పిండు, తెలుస్తాది," అని బకెట్టు ఆయన ముందు పెట్టి లోపలికి పోయాను. వారం రోజులు ఆవు ఆయనకు సరిగా చేపలేదు, పాలు సగమే దిగాయి. ఆయన గొణగడం వింటుంటే కాస్త సంతోషంగానే ఉండింది, అబద్ధమెందుకు.

ఆ నెలలోనే కుప్పంలో మా చెల్లెలు కొత్తింట్లో చేరింది, గృహప్రవేశానికి పిలిచింది. మా ఆయన పాలు పిండడానికి ఆగిపోయాడు, నేనొక్కదాన్నే పోయాను. బస్సు దిగి నడిచి, వాకిట్లోకి అడుగుపెట్టగానే చెల్లెలు కేక వేసింది.

"అక్కా, ఇంగో చెప్పు యాడ?"

కిందికి చూసుకున్నాను. ఎడమకాలు ఉత్తదే. కొత్త బండల మీద నెత్తుటి అడుగులు. అరికాల్లో గాజుపెంకు దిగి ఉంది.

"తెలీకుండా ఎట్ల నడిస్తివమ్మా? సుగరేమో!" అంది చెల్లెలి అత్త.

"సుగర్ లేదు! లేదు! ఎన్నిసార్లు సెప్పాల?" అని అరిచేశాను. భోజనాల దగ్గర అందరూ తలలెత్తి చూశారు.

చెల్లెలు నన్ను లోపల కూర్చోబెట్టి పెంకు తీస్తూ ఏడ్చింది. నాకు ఇంకా చిరాకేసింది.

"నాకే నొప్పి లేదు, నువ్వు యాల ఏడుస్తాండావే?"

"నీకు నొప్పి లేదనే ఏడుస్తాండానక్కా."

పుండు మానాక మదనపల్లె డాక్టరు దగ్గరికి పోయాను. ఈ మొద్దుతనం మొదట ఆర్నెల్లలో పోతుందన్నాడు, తర్వాత ఏడాది అన్నాడు. ఈసారి కుర్చీలోంచి లేవలేదు నేను.

"ఇది పోతాదా, పోదా సార్? ఒక్కమాట సెప్పండి."

ఆయన కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు. "మూడేండ్లయింది గదమ్మా. ఇంక పూర్తిగా పోతుందని చెప్పలేను."

ఆ మాట ముందే చెప్పి ఉంటే ఇన్నాళ్లూ తేదీలు లెక్కపెట్టుకునేదాన్ని కాదు. మంటకు మాత్రలు రాశాడు. రోజూ అరికాళ్లు చూసుకోమన్నాడు, వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకోమన్నాడు.

కొన్నాం. తీరా చూస్తే ఆ పట్టీ బకిల్ నా వేళ్లకు పట్టు చిక్కదు! మొదటిరోజు పావుగంట తంటాలుపడి చెప్పుల్ని గోడకేసి కొట్టాను. మా ఆయన వాటిని తెచ్చి, నా ముందు గొంతుక్కూర్చుని పట్టీ పెట్టాడు.

"బిగువుగా ఉండాదా?"

"నాకెట్ల తెలుస్తాదయ్యా!"

ఆయన పట్టీకీ పాదానికీ మధ్య తన వేలు దూర్చి చూసి, ఒక బెజ్జం వదులు చేశాడు.