నూకరత్నం పెద్దమ్మ పూర్తి వీడియో

నూకరత్నం పెద్దమ్మ దివంగతురాలైందన్న దుర్వార్త నాకు ఫోన్‌లోని హార్బర్ గ్రూపులో తెలిసింది. ఆమె ఫొటోకి దండ వేసి, కింద 'అశ్రునివాళి' అని రాసి, పక్కనే చేతులు జోడించిన తన నిలువెత్తు బొమ్మ కూడా అతికించుకుని, ఒక పెద్దమనిషి అందరికంటే ముందు పెట్టాడు. దిగ్భ్రాంతి, దుఃఖం తరువాత వచ్చాయి. ముందు ఒళ్ళు మండింది. ఆమె ఉసురు తీసినవాడే దండ వేశాడు!

మా మత్స్యకారుల సంఘం పత్రికవారు ఈ నివాళి శాంతంగా రాయమన్నారు. ఆ పెద్దమనిషి పేరు ఎత్తవద్దని కూడా అన్నారు. సరే, ఎత్తను. ఫిషింగ్ హార్బర్‌లో ఐసు మోసేవాణ్ణి అడిగినా చెబుతాడు. శాంతం మాత్రం నా దగ్గర లేదు.

ఆమె మా అమ్మకు తోడబుట్టిన అక్క. తెల్లారకముందే హార్బర్‌కు చేరి, వేలంలో చేపలు కొని, ఆనందపురం చుట్టుపక్కల తట్టలు పెట్టుకుని అమ్ముకునే ఆడవాళ్ళకు ఆటోలో పంపేది. వాళ్ళకు ఆ వేళకు వచ్చే వీలుండదు. అందుకని వేలం మొదటి తట్ట నుంచి చివరి తట్ట వరకూ ఫోన్ ఎత్తిపట్టి వీడియో తీసి పంపేది. ఎవరి చేప ఎంతకు పాడారో వాళ్ళే కళ్ళారా చూసుకునేవారు. ఆ వ్యాపారంలో అంతటి పారదర్శకతను నేను మరొకరిలో చూడలేదు.

ఆ వీడియోల నిడివి గురించి హార్బర్‌లో హాస్యోక్తులకు లోటులేదు. "రత్నమ్మ వీడియో ఎట్టిందంటే వంట సేసుకుని వచ్చి సూడొచ్చు" అనేవారు. నేను గాజువాకలో పెళ్ళి వీడియోలు కత్తిరించి అతికించి బతికేవాణ్ణి కనుక, కాస్త కుదించమని బతిమాలాను. కస్సుమంది.

"ముక్కలు సేసి అమ్మితే అది ఏ సేపో ఎలా తెలుస్తాదిరా? తలకాయ ఉండాల, తోక ఉండాల. నువ్వు పెళ్ళిళ్ళు కోసుకో. నా యేలం జోలికి రాకు."

మరో విషయంలోనూ ఆమె నన్ను కాల్చుకు తినేది. మెసేజీల యాప్‌లో మామూలుగా పంపితే వీడియో మసకబారుతుంది. "సేప కన్ను సూడు, పొర కమ్మినట్టు అవుపిస్తంది. తాజా సేపని పుచ్చిన సేప సేసేత్తంది నీ ఫోను!" అని నా నెత్తిన పడింది. డాక్యుమెంటుగా పంపితే కన్ను తేటగా ఉంటుందని నేర్పాను. అయితే అలా పంపింది తనంతట తాను ఆడదు. బాణం గుర్తు నొక్కి దించుకోవాలి, ఫోన్‌లో చోటుండాలి. ఆమె దగ్గర కొనే ఆడవాళ్ళు పాత ఫొటోలు చెరిపేసి మరీ దించుకునేవారు. ఎవరి తట్ట ధర వాళ్ళు చూసుకుని, అక్కడితో ఆపేసేవారు. తోక దాకా చూసినవారు లేరు.

ఆనందపురానికి చేపలు పంపే మరో వ్యాపారి మన పెద్దమనిషి. వేలంలో పాడిన ధర ఒకటి, ఆడవాళ్ళకు చెప్పే ధర ఒకటి. పెద్దమ్మ వీడియోలు మొదలయ్యాక ఆయన ఆట సాగలేదు. ఒక్కొక్కరే ఆయన్ని వదిలి ఆమె దగ్గరకు వచ్చేశారు. ఆయన నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వును అప్పుడే పసిగట్టాల్సింది!

ఒకనాడు వేలం ముగిశాక, అదే వీడియో చివర, పెద్దమ్మ తన ఆడవాళ్ళకు ఒక జాగ్రత్త చెప్పింది. "మోసగాళ్ళు ఏటి సేత్తారో సేసి సూపిత్తన్నాను, సూడండమ్మా" అని తట్ట ముందుకు లాక్కుంది. "మెత్తబడ్డయి అడుగునెట్టాల. నిగనిగలాడేయి పైనెట్టాల. పైన ఐసు జల్లీయాల. కొనేదానికి ఏటి తెలుస్తాది?" అని నటించి, పకపకా నవ్వింది. ఆ తరువాత, "ఎవులమ్మినా సెయ్యి అడుగుదాకా ఎట్టి సూడండి. నా తట్టైనా సరే" అంది.

ఆ వీడియో ఎవరి ఫోన్‌లోంచో ఆ పెద్దమనిషికి చేరింది. తల కోశాడు, తోక కోశాడు. నడుమ ముక్క మాత్రం గ్రూపుల్లోకి వదిలాడు. చిన్న ముక్క, ముట్టుకోకుండానే ఆడుతుంది. సాయంత్రానికి హార్బర్, ఆనందపురం, నడుమనున్న ఊళ్ళన్నీ చూశాయి. మా పెద్దమ్మ దగా మనిషైపోయింది.

మర్నాడు తట్టలు వెనక్కి వచ్చాయి. అందరికంటే ముందు తిప్పి పంపింది ఆనందపురం పైడమ్మ. అక్కా అక్కా అని వెంట తిరిగిన మనిషి! పెద్దమ్మ ఫోన్ చేస్తే, "నీ మాట మీద కొన్నాను గానీ తట్ట అడుగు సూసి కొన్నానేటి? ఇంక నీకూ నాకూ నేదు" అని పెట్టేసింది. పెద్దమ్మ అదే ఫోన్‌లో ఆనాటి వీడియో వెతకసాగింది.

పూర్తి వీడియో అన్ని గ్రూపుల్లోనూ పెట్టింది. బాణం గుర్తు నొక్కిన నాథుడు లేడు. "అంత పెద్దవి ఎట్టకండమ్మా, ఫోన్లు నిండిపోతన్నాయి" అని ఒక గ్రూపులోంచి ఆమెనే తీసేశారు. "పెద్దమ్మా, మనమూ చిన్న ముక్క కోసి వదులుదాం, అందరూ చూస్తారు" అన్నాను.

"ఆడూ కోసీ, నువ్వూ కోసీ! ఇంక నాను ఎక్కడున్నాన్రా అందులో? సూత్తే మొత్తం సూడాల. నేకపోతే మానీయాల."

ఆ మొండితనానికి చేతులెత్తి మొక్కుతాను. ఫోన్ పట్టుకుని తానే బస్సెక్కి ఆనందపురం వెళ్ళింది. తట్ట తట్ట దగ్గరా నిలబడి, "ఒక్కపాలి సివరిదాకా సూడు తల్లీ" అని బతిమాలింది. మొహం తిప్పుకున్నారు. అలా తిరిగి తిరిగి, ఒక ఉదయం వేలం జరుగుతుండగానే, షెడ్డు స్తంభానికి ఆనుకుని కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయింది. గుండె ఆగిందని డాక్టరు రాశాడు. ఆపినవాడి సంగతి రాసే బాధ్యత నాది.

పెద్దకర్మకు ఆయన తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. ఆనందపురం ఆడవాళ్ళూ వచ్చారు. మనిషి పోయాక కోపం ఏమిటనుకున్నారు కాబోలు. ఆమె ఫొటోలు చూపించడానికని పెళ్ళిళ్ళలో నేను వీడియోలు వేసే తెరను పందిట్లో కట్టాను. పెద్దమనిషిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, మొదటి బంతిలో, తెరకు సరిగ్గా ఎదురుగా కూర్చోబెట్టాను. పెద్దకర్మ బంతిలో పక్కవారి భోజనం ముగియకుండా లేవడం మాలో లేదు. లేస్తే పోయినవాళ్ళ కూడు కాదని ఉమ్మినట్టు. పెద్దమ్మ కొడుకు అప్పలరాజు వడ్డించేవాళ్ళతో, "బాగా నిదానంగా ఎట్టండి" అన్నాడు.

అన్నంలో ఆయన చెయ్యి పెట్టాక వీడియో వేశాను. మొదటి తట్ట నుంచి వేశాను. ఒక్క క్షణం కూడా కోయలేదు.

ఆయన గొంతే వేలంలో వినబడింది, ధర పాడుతూ. అప్పటికింకా ఆయన దగ్గరే కొంటున్న కొందరికి ఆరోజు ఏ ధర చెప్పి అమ్మాడో ఎదుటి బంతిలో ఆడవాళ్ళకు తెలుసు. చేతులు ఆగిపోయాయి. చివరికి పెద్దమ్మ తట్ట ముందుకు లాక్కుని, "మోసగాళ్ళు ఏటి సేత్తారో సేసి సూపిత్తన్నాను" అంది. పైడమ్మ "ఓలమ్మా!" అని నోరు నొక్కుకుంది. పెద్దమనిషి మొహం విస్తరిలోకి వంగిపోయింది. నాకు జాలి కలగలేదు. కొండంత ఆనందం కలిగింది, దాచను.

"నా తట్టైనా సరే" అన్నాక కూడా వీడియో ఆగలేదు. ఫోన్ ఆపడం మరిచిపోయి, ఆమె ఐసు దులుపుకుంటూ ఇటు తిరిగింది. "పొద్దెక్కిపోనాది. ఒలే పైడమ్మా, గౌరీ, ఏటైనా తిన్నారేటే?"

"తింటన్నాం అక్కా" అంది పైడమ్మ, చేతిలో ముద్దతో.

తెర నల్లబడింది. ఆయన లేవబోయాడు. పైడమ్మ కళ్ళు తుడుచుకోకుండానే నా వైపు తిరిగి, "ఆయన్ని కూకోమనండి. మా ఇస్తళ్ళు ఇంకా అవనేదు. మొదటి కాణ్ణించి మల్లీ ఎట్టు బాబూ" అంది.

పెట్టాను. అప్పలరాజు ఆయన విస్తట్లో మళ్ళీ అన్నం వడ్డించాడు. ఎవరూ లేవలేదు, ఎవరూ తినలేదు. పెద్దమ్మ రెండోసారి కూడా "తిన్నారేటే?" అని అడిగింది.